తవుడు తిన్న గుర్రం

(పెన్షనర్ల దినం సందర్భంగా మన సంఘం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును తలచుకుంటూ ఏటా ఈ రోజు మనం కలుస్తున్నాము. ఆ తీర్పు గురించి నాకంటే బాగా చెప్పగలవారు ఇద్దరు ముగ్గురు ఇక్కడే ఉన్నారు కాబట్టి దాని జోలికి నేను పోను. "కరువు భత్యం బకాయిలు, ఆరోగ్య కార్డులు, ఈ రెండూ వదిలిపెట్టి ఇంకేదైనా మాట్లాడండి" అని కార్యదర్శిగారు ఫోను చేశారు. గుర్రాల ఎముకల గురించి మాట్లాడతానన్నాను. కాసేపు అటువైపు నుంచి చప్పుడు లేదు. తరువాత "మీ ఇష్టమండీ, పదిహేను నిమిషాలు" అన్నారు. ఆ అనుమతితోనే నిలబడ్డాను.

ఈ విషయం ఎందుకు వచ్చిందో ముందు మనవి చేస్తాను. చిత్తూరులో మా చెల్లెలి మనవడొకడు ఉన్నాడు. చదువు అయింది, ఉద్యోగం రాలేదు. ఏడాది క్రితం ఒక దళారీ ద్వారా పందేల నుంచి తీసేసిన గుర్రాన్ని ఒకదాన్ని కొన్నాడు. పెళ్లి ఊరేగింపులకు బాడుగకు తిప్పుతాడు, ఆదివారాల్లో పిల్లలకు స్వారీ నేర్పుతాడు. మొన్న వానాకాలంలో ఫోను చేసి, "తాతా, గుర్రం కుంటతా వుంది. ఎముకలకు మంచి పౌడరు ఒకటి వుందంట, డబ్బా నాలుగు వేలు. నీ పింఛనులో సర్దుతావా?" అన్నాడు.

డబ్బు సంగతి తరువాత. నేను వాడిని అడిగింది ఒకటే మాట. "తొట్టిలో ఏం పెడతా వుండావురా?"

ఆ ప్రశ్న నాది కాదు. అరవై ఏళ్ల క్రితం ఒక డాక్టరుగారు మా మేనమామను అడిగిన ప్రశ్న. ఆనాడు ఆ ప్రశ్నకు జవాబు చెప్పవలసినవాణ్ణి నేను, చెప్పకుండా తలవంచుకున్నవాణ్ణీ నేనే. అది చెప్పడానికే ఈ పదిహేను నిమిషాలు తీసుకుంటున్నాను.

ఒక హెచ్చరిక. నేను డాక్టరును కాను. పశుసంవర్ధక శాఖలో గుమాస్తాగా చేరి సూపరింటెండెంటుగా దిగినవాణ్ణి. డాక్టర్ల రిపోర్టులు టైపు చేశాను, స్టోర్సు లెడ్జరులో లవణ మిశ్రమం బస్తాలు జమ ఖర్చు రాశాను. రాసిన మాటకు అర్థం తెలుసుకోవాలనే పాడు అలవాటు ఒకటి ఉండేది కాబట్టి అప్పుడప్పుడు డాక్టర్లను విసిగించాను. చెప్పేదంతా అలా పోగుచేసుకున్నదీ, ఆ తరువాత చదువుకున్నదీ.

1962. నాకు పన్నెండేళ్లు. మా మేనమామకు తిరుపతిలో జట్కా ఉండేది. ఇప్పటి పిల్లలకు జట్కా అంటే సినిమాలో చూసినదే. ఆ రోజుల్లో రైలు దిగిన యాత్రికుడు గోవిందరాజస్వామి గుడికి పోవాలన్నా, కపిలతీర్థం, అలిపిరి, తిరుచానూరు పోవాలన్నా జట్కానే. స్టేషను బయట వరుసగా నిలబడేవి. మా మామ గుర్రం పేరు రాజా. ఎర్రది, నుదుట తెల్ల చుక్క. నేను బడి నుంచి వచ్చాక దాని దాణా పని నాది.

మొదట రాజాకు ఉడికించిన ఉలవలు, చెరువు గట్టున కోసిన గరిక, శనక్కాయలు పీకే కాలంలో శనక్కాయ కట్టె పెట్టేవాళ్లం. ఒక ఏడు వానలు లేక ఉలవల ధర పెరిగింది. మామకు తెలిసిన బియ్యం మిల్లులో తవుడు దాదాపు ఊరకే దొరికేది. ఉలవలు తగ్గాయి, తవుడు పెరిగింది. చివరికి తవుడే మిగిలింది. రాజాకు తవుడంటే ప్రాణం. బెల్లపు నీళ్లు చిలకరించి కలిపితే తొట్టి నాకి, నా చేతులు కూడా నాకేది. మామ చెప్పిన కొలతకు రెండింతలు నేను వేసేవాణ్ణి. ప్రేమ కొద్దీ వేశాను. ఆ సంగతి మామకు చెప్పలేదు.

ఆరేడు నెలలకు రాజా ముఖం నిండుగా కనిపించడం మొదలైంది. కళ్ల కింద, ముక్కుకు రెండు పక్కలా ఎత్తుగా వచ్చింది. "గుర్రం ఒళ్లు చేసింది, దిష్టి తీయండి" అన్నారు స్టాండులో వాళ్లు. మా అవ్వ ఎండుమిరపకాయలు తిప్పి నిప్పుల్లో వేసింది. తరువాత రాజా ఒకరోజు ముందుకాలు కుంటింది, మరుసటి రోజు వెనకకాలు. లాడాలు కొట్టే సాయిబు మూడుసార్లు లాడం విప్పి చూసి, గిట్టలో ఏమీ లేదన్నాడు. మేత నమలడానికి ఇబ్బంది పడేది. సగం నమిలిన గడ్డి ఉండలు ఉండలుగా కింద పడేది.

పశువైద్య కళాశాల తిరుపతిలో 1955లోనే వచ్చింది. అక్కడికి తోలుకుపోయాము. డాక్టరుగారు కుంటే కాలును చూడలేదు. ముందు ముఖం మీద ఎత్తు వచ్చిన చోట వేళ్లతో నొక్కి చూశారు. దవడ కింద తడిమారు. పళ్లు కదిలించారు. అప్పుడు అడిగారు, "ఏం పెడతా వుండావప్పా?" అని. మామ "తవుడు సామీ, కొంచెమే" అన్నాడు. ఎంత అని అడిగితే మామ నా వైపు చూశాడు. నేను నేల చూశాను.

ఆయన మూడు మాటలు చెప్పారు. తవుడు పూర్తిగా మాను. శనక్కాయ కట్టె, దొరికితే లూసర్న్ గడ్డి పెట్టు, సున్నపురాయి పొడి కలుపు. ఆరు నెలలు బండి కట్టకు. టానిక్కు ఏమీ రాయలేదు.

ఇందులో ఏది మా మామ చేయగలిగేది? ఉలవలు కొనలేడు. ఆరు నెలలు బండి కట్టకపోతే ఇంట్లో ఆరుగురు తినేదేమిటి? కాబట్టి ఆయన నాలుగో దారి పట్టాడు. ఎవరో చెప్పగా బజారులో ఎముకల బలానికని ఒక టానిక్కు సీసా కొన్నాడు. అప్పు చేసి కొన్నాడు. రోజూ రెండు చెంచాలు తవుడులో కలిపి పెట్టమన్నాడు. నేను కలిపి పెట్టాను. తవుడు మాత్రం అట్లే ఉంది.

ఇక్కడ కథ ఆపి, ఆ డాక్టరుగారు ఏం చూశారో నాకు అర్థమైనంతలో చెప్పాలి. అది చెప్పకపోతే మా మామ మూర్ఖుడనుకుంటారు. ఆయన మూర్ఖుడు కాడు.

మనం ట్రెజరీ మనుషులం కాబట్టి ఆ భాషలోనే చెబుతాను. ఒంట్లో కాల్షియం రెండు చోట్ల ఉంటుంది. నూటికి తొంభైతొమ్మిది పాళ్లు ఎముకల్లో, పళ్లలో. అది జీపీఎఫ్ నిల్వ. మిగిలిన కొంచెం రక్తంలో, కండల్లో. రక్తంలోది రోజువారీ క్యాషు. గుండె కొట్టుకోవాలన్నా, కండరం కదలాలన్నా ఆ క్యాషు పైసా తగ్గకూడదు. తగ్గుతుందనిపిస్తే మెడలో పారాథైరాయిడ్ అనే చిన్న గ్రంథులు ఒక హార్మోను వదులుతాయి. అది ఎముక దగ్గరికి పోయి నిల్వలోంచి కాల్షియం తీసి రక్తంలో వేస్తుంది. పార్ట్ ఫైనల్ అన్నమాట. మనకు పార్ట్ ఫైనలుకు దరఖాస్తు, సంతకాలు, శాంక్షను ఉండేవి. దీనికి అవేమీ లేవు. రోజూ తీస్తూనే ఉంటుంది.

తవుడు చేసే అన్యాయం ఏమిటంటే, అందులో భాస్వరం ఎక్కువ, కాల్షియం బహు తక్కువ. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ వారి పాత పట్టికల్లో నూరు గ్రాముల బియ్యపు తవుడుకు కాల్షియం 67 మిల్లీగ్రాములు, భాస్వరం 1410 మిల్లీగ్రాములు. ఇరవై రెట్లు తేడా. గోధుమ తవుడులో కూడా పది రెట్ల దాకా ఉంటుంది. గుర్రానికి కావలసింది దీనికి తలకిందులు. భాస్వరం ఒక పాలైతే కాల్షియం ఒకటిన్నర, రెండు పాళ్లు ఉండాలి. ఒకటికి ఒకటి కంటే తగ్గకూడదు. భాస్వరం మితిమీరితే పేగుల్లో కాల్షియాన్ని ఒంటికి పట్టనివ్వదు. క్యాషు తగ్గుతుంది. గ్రంథి లేస్తుంది. ఎముక కరుగుతుంది. కరిగిన చోట పీచులాంటి మెత్తని కణజాలం నిండుతుంది. ముఖం ఎముకల్లో, దవడలో అది ముందు కనిపిస్తుంది. అదే మా వాళ్లు ఒళ్లు చేసింది అనుకున్నది. ఇంగ్లీషువాళ్లు దీనికి పెట్టిన పేర్లు బిగ్ హెడ్ అనీ, బ్రాన్ డిసీజ్ అనీ. పిండిమిల్లుల వాళ్ల గుర్రాలకు ఎక్కువగా వచ్చేది కాబట్టి మిల్లర్స్ డిసీజ్ అని కూడా పేరుంది. మిల్లులో తవుడు ఊరకే దొరుకుతుంది గదా. తిరుపతి అయినా ఇంగ్లండు అయినా పేదవాడి లెక్క ఒకటే.

ఇంకో తమాషా. ఈ జబ్బులో రక్తపరీక్ష చేస్తే కాల్షియం చాలాసార్లు సరిగ్గానే ఉంటుంది. క్యాషుబుక్కు సరిపోయింది గదా అని ఆడిటరు సంతకం పెట్టిపోతాడు, జీపీఎఫ్ ఖాళీ అవుతున్నది ఎవరూ చూడరు. ఎక్సురేలో కనిపించాలన్నా ఎముకలో సుమారు మూడో వంతు ఖనిజం పోయి ఉండాలి. అందుకే తెలిసిన డాక్టరు రక్తంతోపాటు మూత్రం కూడా పరీక్షకు పంపి, అందులో భాస్వరం ఎంత పోతున్నదో చూస్తాడు. ఆరోగ్యమైన గుర్రం మూత్రం సున్నపు నీళ్లలాగా మసకగా ఉంటుంది. ఒంటికి అక్కర లేని కాల్షియం అటు పోతుంది. ఇవి పెద్దసభలో చెప్పదగిన మాటలు కావని మా ఇంటావిడ ఉదయమే హెచ్చరించింది. కానీ గుర్రం నోరు విప్పి చెప్పదు కాబట్టి చూడవలసినవి ఇవే.

ఇప్పుడు మా మామ సీసా లెక్క చూడండి. రోజుకు మూడు కిలోల తవుడు. భాస్వరం 42 గ్రాములు, కాల్షియం 2 గ్రాములు. ఒకటిన్నర రెట్ల లెక్కకు కాల్షియం 63 గ్రాములు కావాలి. కొరత 61 గ్రాములు. సున్నపురాయి పొడిలో కాల్షియం నూటికి 38 పాళ్లు అనుకుంటే, రోజుకు 160 గ్రాముల పొడి కలిపితే గానీ ఆ తవుడు ఒక్కదానికే లెక్క సరిపోదు. రెండు చెంచాల టానిక్కులో ఎన్ని గ్రాములుంటుంది? ఒక గ్రామో, అదీ లేదో. డాక్టరుగారు చెప్పిన సున్నపురాయి పొడి ధర ఆ రోజుల్లో అణాల్లో. మా మామ సీసాకు పెట్టింది రూపాయల్లో. సీసా మీద గుర్రం బొమ్మ ఉంది, పొడికి బొమ్మ లేదు.

ఒక మాట మరచిపోకుండా చెబుతాను. సున్నపురాయి పొడి అంటే గోడలకు కొట్టే సున్నం కాదు. కాల్చిన సున్నం నోరు, పేగులు కాలుస్తుంది. మేతకు వాడే పొడి వేరే దొరుకుతుంది.

రాజా సంగతి ముగిస్తాను. ఆ సంవత్సరం కార్తీక మాసంలో, తిరుచానూరు పంచమి తీర్థం రోజుల్లో, రద్దీ ఎక్కువ. మామ రోజుకు ఎనిమిది తొమ్మిది సార్లు తిరిగాడు. ఒక సాయంత్రం తిరుచానూరు దారిలో, గుంత కూడా కాదు, చదునైన రోడ్డు మీదే, ముందుకాలు మోకాలి కింద ఉండే పొడుగు ఎముక విరిగింది. చప్పుడు కర్ర విరిగినట్టు వినిపించిందని బండిలో ఉన్న ముసలమ్మ చెప్పింది. గుర్రానికి ఆ ఎముక విరిగితే ఆ రోజుల్లో చేయగలిగింది ఒకటే. అది చేశారు. నేను చూడలేదు, నన్ను ఇంటికి పంపేశారు. తొట్టిలో ఆ పూట తవుడు నానబెట్టి ఉంది. దాన్ని ఏం చేయాలో తెలియక రాత్రంతా దాని దగ్గర కూర్చున్నాను.

మామ ఆ తరువాత మిల్లులోనే బస్తాలు మోశాడు. తవుడు మాట ఎప్పుడూ నన్ను అడగలేదు. నేను ఉద్యోగంలో చేరాక ఒకసారి చెప్పాను, రెండింతలు వేసేవాణ్ణి మామా అని. "నాకు తెలుసులేరా, బస్తా తొందరగా అయిపోయేది గదా" అన్నాడు. అంతే.

మామ చేసింది కొత్త తప్పు కాదు. 1290 ప్రాంతంలో మన తీరాన తిరిగిన మార్కోపోలో, దక్షిణాన పాండ్యుల రాజ్యం గురించి రాస్తూ, అరబ్బు దేశాల నుంచి వేలకొద్దీ గుర్రాలు దిగుమతి అవుతాయనీ, అవి ఇక్కడ నిలవకుండా చస్తున్నాయనీ రాశాడు. వాటికి అన్నం, ఉడికించిన మాంసం పెడతారట. మంచి మగగుర్రాన్ని, మంచి ఆడగుర్రాన్ని జత చేసినా వంకర కాళ్ల పిల్లే పుడుతుందట. బియ్యంలోనూ మాంసంలోనూ భాస్వరమే ఎక్కువ. ఆ వంకరకాళ్ల మాట చదివినప్పుడల్లా నాకు రాజా నడక గుర్తుకు వస్తుంది. విజయనగర రాజులు కూడా గుర్రాల కోసం పోర్చుగీసువారి మీద ఆధారపడినవారే. రాయలవారి కాలం తరువాత వచ్చిన నూనిజ్ అనే గుర్రాల వర్తకుడు, రాజు ఏటా 13 వేల గుర్రాలు కొనేవాడని రాశాడు. చంద్రగిరి కోటను చూడటానికి మనవళ్లను తీసుకుపోతాం గదా, ఆ కోటకు కూడా గుర్రాలు సముద్రం దాటి వచ్చినవే. తెలుగులో మనుమంచి భట్టు గుర్రాల లక్షణాల మీద ప్రత్యేకంగా ఒక గ్రంథమే రాశాడంటే, గుర్రం విలువ ఎంతో తెలుస్తుంది. ఎముక కరగడానికి మూలం మేతలో ఉందని ప్రయోగాలు చేసి విడమరచి చూపినవారున్నారు. అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయంలో క్రూక్, లోవ్ అనే ఇద్దరు 1964లో అలాంటి పరిశోధన ఒకటి ప్రచురించారు. రాజా పోయిన రెండేళ్లకు. మన తిరుపతి డాక్టరుగారు మాత్రం 1962లోనే వేళ్లతో నొక్కి చెప్పారు.

ఇక మన పూర్వులు గుర్రానికి ఉలవలే ఎందుకు పెట్టారంటే, అదే పట్టికల్లో నూరు గ్రాముల ఉలవల్లో కాల్షియం 287, భాస్వరం 311 మిల్లీగ్రాములు. దాదాపు సమానం. ఇంగ్లీషువాడు దానికి హార్స్ గ్రామ్ అని పేరు పెట్టింది ఊరకే కాదు. మన సంగటి రాగుల్లో కాల్షియం 344, భాస్వరం 283. ధాన్యాలలో కాల్షియం ఇంత ఉండి, భాస్వరాన్ని మించేది మనం తినేవాటిలో ఇంకొకటి నాకు కనపడలేదు. అట్లని రేపటి నుంచి గుర్రానికి రాగులు బస్తాలుగా పోయమని చెప్పడం లేదు. ఏ గింజైనా ఎక్కువైతే గుర్రానికి కడుపునొప్పి వస్తుంది, గిట్టలు చెడతాయి. దానికి అసలు ఆహారం గడ్డి.

మా మనవడిది పందెపు గుర్రం కాబట్టి ఆ సంగతి కూడా కొంచెం. పందెపు గుర్రాలకు మన తెలుగువారికి పేరున్న చోటు హైదరాబాదు మలక్‌పేట. ఆరో నిజాం కాలంలో, 1886లో, పందేలు మౌలాలీ నుంచి అక్కడికి మారాయి. ఈ గుర్రాలకు రెండేళ్ల వయసులోనే శిక్షణ మొదలవుతుంది. అంటే ఎముకలు ఇంకా పూర్తిగా ముదరని వయసు. అమెరికా వారి జాతీయ పరిశోధనా మండలి 2007 లెక్క ప్రకారం అయిదు వందల కిలోల గుర్రం ఊరకే నిలబడి ఉంటే రోజుకు కాల్షియం 20 గ్రాములు, భాస్వరం 14 గ్రాములు కావాలి. గట్టిగా పరుగెత్తేదానికి 40, 29. గట్టి పనికి అవసరం రెట్టింపు.

అయితే కాల్షియం పోసినంత మాత్రాన ఎముక గట్టిపడదు. ఇది నాకు అన్నింటికంటే ఆశ్చర్యం కలిగించిన సంగతి. పసిగుర్రాన్ని పచ్చికలో నుంచి తెచ్చి కొట్టంలో కట్టేసి, రోజూ మెల్లగా నడిపిస్తూ శిక్షణ ఇస్తే, మొదటి రెండు నెలల్లో దాని కాలి ఎముకలో ఖనిజం పెరగకపోగా తగ్గుతుందని అమెరికాలో నీల్సన్ అనే ఆచార్యుడు, ఆయన తోటివారు చూపించారు. మేత బాగానే ఉంది. లేనిది పరుగు. ఎముకకు బరువు పడితేనే, వేగం తగిలితేనే అది కాల్షియాన్ని పట్టుకుంటుంది. వాళ్ల విభాగం వారే 2019లో దూడల మీద చేసిన ప్రయోగంలో వారానికి ఒకే ఒక్కరోజు, డెబ్బై మీటర్ల చిన్న పరుగు తీయిస్తే చాలు, ఎముక బలం పెరిగింది. రోజంతా కట్టేసి ఉంచి నాలుగు వేల డబ్బా పెడితే ఆ పొడి మూత్రంలో పోతుంది. మనకు పెన్షను వచ్చిన రోజే ఖర్చయిపోయినట్టు.

మరి డబ్బాలన్నీ మోసమా అంటే, కాదు. మేతలో నిజంగా కొరత ఉంటే దాన్ని పూరించేది కావలసిందే. రాగి ధాతువు, జింకు కొరత ఉంటే పిల్లల ఎముకల చివర్లు సరిగా తయారుకావు. సిలికాన్ ఉన్న జియోలైట్ అనే ఖనిజం మేతలో కలిపితే పసి పందెపుగుర్రాలు దెబ్బ తగలకముందు ఎక్కువ దూరం పరుగెత్తాయని 1993లో ఒక పరిశోధన వచ్చింది. గ్లూకోసమిన్ అని అమ్మేది కీళ్ల కోసం. కీలు వేరు, ఎముక వేరు. ఇక విటమిన్ డి. మన రాయలసీమ ఎండలో తిరిగే గుర్రానికి అది కొని పోయవలసిన పని లేదు. మితిమీరితే ఎముకలో చేరవలసిన సున్నం రక్తనాళాల్లో, మూత్రపిండాల్లో పేరుకుంటుంది. రెండు మూడు డబ్బాలు కలిపి పెట్టేవాళ్లు ఒక్కొక్క డబ్బా మీద విటమిన్ డి ఎంత ఉందో కూడి చూసుకోవాలి. కూడిక మనకు చేతనైన పనే.

ఇప్పుడు చిత్తూరు. ఫోను పెట్టేసి మరుసటి ఉదయం బస్సెక్కాను. కొట్టం చూశాను. శుభ్రంగా ఉంది, ఆ మాట చెప్పాలి. వాడు గుర్రాన్ని ప్రాణంగా చూసుకుంటున్నాడు. తొట్టిలో గోధుమ తవుడు. పూటకు కిలోన్నర. "పందెం గుర్రాలకు ఇదే పెడతారంట తాతా" అన్నాడు. పక్కన కోసి పెట్టిన పచ్చగడ్డి, ఎత్తుగా, మెత్తగా, చూడముచ్చటగా ఉంది. మన జిల్లాలో పాడి ఉన్న ప్రతి ఇంటా కనిపించే కో-4 నేపియర్ గడ్డి.

తవుడు నాకు తెలిసిన శత్రువు. ఈ గడ్డి సంగతి మాత్రం తెలిసినవాళ్లకే తెలుసు. నేపియర్, గినీ, సెటేరియా లాంటి వేడి దేశాల గడ్డిలో ఆక్సలేటు అనే పదార్థం ఎక్కువ. అది గడ్డిలోని కాల్షియాన్ని పట్టుకుని వదలదు. ఆవుకు ఇబ్బంది తక్కువ, ఎందుకంటే దాని మొదటి పొట్టలోని సూక్ష్మజీవులు ఆక్సలేటును విరగ్గొడతాయి. గుర్రానికి ఆ పొట్ట లేదు. ఆస్ట్రేలియాలో ఇట్లాంటి గడ్డి భూముల్లో మేసిన గుర్రాలకు తవుడు ముట్టకుండానే పెద్ద తల జబ్బు వచ్చింది. అంటే కాగితం మీద కాల్షియం ఉన్నట్టే కనిపిస్తుంది, చేతికి అందదు. శాంక్షనైన బకాయిల లాగా.

ఇంకా ఒకటి చూశాను. పక్కింటి పాడి రైతు ఇచ్చిన లవణ మిశ్రమం వాడు రోజూ గుప్పెడు కలుపుతున్నాడు. ఆవులకు ఇచ్చే అలాంటి మిశ్రమంలో సాధారణంగా డైకాల్షియం ఫాస్ఫేటు ఉంటుంది. అందులో కాల్షియం నూటికి 23 పాళ్లుంటే భాస్వరం 18. తవుడు వల్ల భాస్వరం ముదిరిన గుర్రానికి ఇంకా భాస్వరం. పశువుల దాణా కూడా ఎప్పుడన్నా పెట్టావా అని అడిగాను. లేదన్నాడు. బతికించాడు. కొన్ని పశువుల దాణాల్లో మోనెన్సిన్ అనే మందు కలుపుతారు, ఆవుకు మేలు చేసేదే. గుర్రానికి అది గుండె మీద దెబ్బ. కొంచెం తిన్నా చస్తుంది. గుర్రాలున్న ఇళ్లవాళ్లు ఈ ఒక్క మాట గోడ మీద రాసుకోవాలి.

తరువాత గుర్రం ముఖం చూశాను. డెబ్బై అయిదేళ్ల చేతులు, వణుకుతాయి. కళ్ల కింద రెండు పక్కలా వేళ్లతో నొక్కాను. కుడివైపు కొంచెం ఎత్తుగా అనిపించింది. నా భ్రమేమో అని మనవడి చేయి పట్టి అక్కడ పెట్టాను. వాడు మెల్లగా, "ఇది మొదటినించీ ఇట్లే వుందనుకున్న్యా" అన్నాడు.

వాణ్ణి, గుర్రాన్ని తిరుపతికి రప్పించాను. పశువైద్య కళాశాల 2005 నుంచి శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయంలో భాగం. నేను నిలబడిన చోట ఇప్పుడు వేరే భవనం ఉంది. ఈసారి డాక్టరమ్మ చూశారు, మా కోడలి వయసు ఉంటుంది. రక్తం, మూత్రం తీశారు, దవడకు ఎక్సురే తీశారు. జబ్బు అదే, అయితే మొదటి దశ అన్నారు. తవుడు, నేపియర్ మానిపించారు. శనక్కాయ కట్టె, లూసర్న్, కొంచెం ఉలవలు, తూచి వేయవలసిన సున్నపురాయి పొడి. లవణాల్లో భాస్వరం లేనిది. ఊరేగింపులు బంద్. కొన్ని వారాలకు కుంటు తగ్గవచ్చు గానీ ఎముక నిండడానికి తొమ్మిది నెలలు, ఏడాది పడుతుందనీ, ముఖం మీద ఎత్తు పూర్తిగా పోకపోవచ్చనీ చెప్పారు.

ఊరేగింపులు బంద్ అనగానే మనవడి ముఖం నాకు మా మామ ముఖం లాగే కనిపించింది. రాబోయేది పెళ్లిళ్ల కాలం. బాడుగ అడ్వాన్సులు రెండు చేతిలో ఉన్నాయి. అప్పటి మా మామకు ఆరు నెలలు కూర్చోబెట్టి తిండి పెట్టేవాళ్లు లేరు. ఆయనకు తెలియక కాదు, గతి లేక సీసా కొన్నాడు. గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదంటారు. కుంటిదైనా తప్పదు, దానితోపాటు దాన్ని నమ్ముకున్నవాడికీ తప్పదు.

కాబట్టి వాడు అడిగిన నాలుగు వేలు ఇచ్చాను. డబ్బాకు కాదు. అడ్వాన్సులు తిరిగి ఇవ్వడానికి కొంత, లూసర్న్‌కు కొంత. నెలకు ఇంత అని ఏడాది పాటు ఇస్తానన్నాను. మా ఇంటావిడ, "గుర్రానికి పెన్షను శాంక్షను చేశారన్నమాట" అంది. ఫ్యామిలీ పెన్షను అన్నాను. తాను వేసుకునే కాల్షియం బిళ్ల కూడా సగం దానికే పెట్టమంటారేమోనని అడిగింది. అది డాక్టరు రాసినది, మానవద్దన్నాను.

వాడు ఒక నోటు పుస్తకం కొన్నాడు. రోజూ ఏ మేత ఎంత, పొడి ఎన్ని గ్రాములు, నడక ఎట్లుంది, రాస్తున్నాడు. కాలమ్స్ నేనే గీసి ఇచ్చాను. ఆదివారం ఆదివారం ఫోటో తీసి ఫోనులో పంపుతాడు, నేను సరిచూసి టిక్కు పెడతాను. పదకొండు వారాలైంది. కుంటు తగ్గింది, పూర్తిగా పోలేదు. నమలడం బాగుంది. మొన్న ఆదివారం పేజీలో పొడి కాలమ్‌లో రెండు రోజులు ఖాళీ. ఏమిరా అంటే అయిపోయింది, తేవడానికి కుదరలేదన్నాడు. రేపు ఉదయం బస్సుకు నేనే తీసుకుపోతున్నాను. మార్చిలో మళ్లీ ఎక్సురే ఉంది.